రెండో గొట్టం

రెండో గొట్టంలో ఈగలు పైకి ఎగబాకుతుంటే జంగయ్య చప్పట్లు కొట్టాడు.

"ఇంకోసారి కొట్టు బిడ్డా!"

మనోజ రెండు గాజు గొట్టాలనూ బల్ల మీద టక్కుమని తట్టింది. నువ్వుగింజంత పండ్ల ఈగలన్నీ అడుక్కి రాలాయి. మొదటి గొట్టంలోవి కొంచెం పాకి జారిపడ్డాయి. రెండో దానిలోవి మూతదాకా పరుగెత్తాయి.

"రెండూ యాభై రోజుల ముసలివే నాన్నా. కండ కదలాలంటే లోపల దాచుకున్న కాల్షియం బయటికి రావాలె, పని కాంగనే మళ్ల లోపలికి పోవాలె. వయసు మీద పడితే అది ఊకె కారుతుంటది. కండ పట్టు తప్పుతది. మా మందు ఆ కారుడు ఆపుతది. మొదటి దాంట్ల మందు లేదు, రెండో దాంట్ల ఉంది."

జంగయ్య తన అరచేతులు చూసుకున్నాడు. ముప్పై ఏళ్లు ఒకే హీరోకి డూప్. గోడలెక్కినా, అద్దాలు బద్దలుకొట్టుకుని దూకినా ఒళ్లు ఆయనది, పేరు హీరోది. కిందటి నెల తాడు మీద పట్టు జారితే ఫైట్ మాస్టర్ జగదీశ్ భుజం తట్టి, "ఇక చాలు జంగయ్యా" అన్నాడు. ఆ రోజు నుంచి ఫిల్మ్‌నగర్ బస్తీలోని ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నాడు. కంచంలో అన్నం ఎండిపోయేది. తల్లి లేని ఇల్లు; కూతురు ఒక్కతే బతిమాలేది. ఈ ఆదివారం బలవంతాన ఆటో ఎక్కించి, తాను పరిశోధన చేసే ల్యాబ్‌కి తీసుకొచ్చింది.

"నాకు గింత ఇయ్యరాదు బిడ్డా?"

మనోజ గొట్టాలు రెండూ తీసి అరలో పెట్టింది. మర్నాడు చిన్న సీసా తెచ్చింది. "పొద్దుగాల రెండు చుక్కలు. తాడు మాత్రం ముట్టకు. ఏడాది ఆగాలె."

"తియ్యగుందేంది?"

"ఈగలకు చక్కెరల కలిపే పెడతం నాన్నా."

జంగయ్య లేచాడు. గడ్డం గీసుకున్నాడు. జుట్టుకు రంగేశాడు. రోజూ జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కి దిగొచ్చేవాడు. టీకొట్టు దగ్గర పాత జతగాళ్ల చేతులు పట్టుకుని వేళ్లు నలిపేవాడు. ఇరవయ్యో రోజున, కూతురికి చెప్పకుండా, షూటింగ్‌కి పోయాడు.

"ఒక్క చాన్స్ మాస్టర్. చూసినంక చెప్పుండ్రి."

జగదీశ్ వద్దన్నాడు. జంగయ్య వదల్లేదు.

రెండంతస్తుల బంగళా గోడ. సగందాకా బాగానే ఎక్కాడు. అక్కడ వేళ్లు విడిపోయాయి. నడుముకు కట్టిన తాడు బిగుసుకునేలోపే కింది మెట్టు అంచు వెన్నుకు తగిలింది.

ఆసుపత్రిలో డాక్టర్ మనోజను పక్కకు పిలిచి, నడుం కింద ఇక కదలిక రాదన్నాడు.

ఆమె మంచం దగ్గరికొస్తే జంగయ్యే ఓదార్చాడు.

"ఏడ్వకు బిడ్డా. మందు మంచిదే. ఆ పొద్దు తొందరల తాగుడు మర్చిన. తప్పు నాదే. నీ పని ఆపకు. ముసలి ఈగలు ఎట్ల ఎక్కినయో నా కండ్లతోని చూసిన గద!"

మనోజ ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దింది.

ఆ ఆదివారం రెండో గొట్టంలో తాను వేసినవి ముసలి ఈగలు కావని, మందు చుక్క తాకని, పుట్టి మూడు రోజులైన లేత ఈగలని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.