మేక తాత

"మత్తడి దుంకుతది! పైలం!"

ముసలాయన మళ్లీ వచ్చాడు. గొడుగు లేదు. నెత్తిన యూరియా సంచి కప్పుకున్నాడు.

అమ్మాజీ కిటికీలోంచి చూసి నవ్వుకుంది.

శామీర్‌పేట దారిలో ఆ కాలనీ కొత్తగా వెలిసింది. అమ్మాజీ వాళ్లు దివిసీమ నుంచి వచ్చి రెండేళ్లయింది. ముసురు పట్టిందంటే చాలు, ముసలాయన వీధి పొడుగునా ఇదే కేక. మత్తడి అనే మేక ఏదో ఉందనీ, అది గోడలు దూకే రకమనీ, దాని మీద బెంగతో ఆయనకు మతి చెడిందనీ ఆమె అనుకుంది.

నిరుడు జాలిపడి చెప్పింది కూడా.

"మీ మత్తడి ఇటు రాలేదు తాతా."

"వస్తది బిడ్డా. ఇటే వస్తది. ఇది దాని తొవ్వనే."

"మా పూలమొక్కలు తినేస్తుందేమో?"

ముసలాయన ఇంటిని పునాది నుంచి పైదాకా చూశాడు.

"మొక్కలేంది! ఇల్లే మింగుతది."

సాయంత్రం భర్త కృష్ణారావుకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆనాటి నుంచి ముసలాయన ఆ ఇంట్లో 'మేక తాత'.

ఇప్పుడు తొంభై ఎనిమిది దసరా సెలవులు. నిన్నటి నుంచి వాన తెరిపి ఇవ్వలేదు. కృష్ణారావు ఆఫీసుకని సికింద్రాబాద్ వెళ్లాడు. కోస్తాకు వాయుగుండమనీ, ఇటువైపు మామూలు వానలేననీ రేడియో చెప్పింది.

అమ్మాజీకి రేడియోతో పనిలేదు. డెబ్బై ఏడు ఉప్పెనలో తమ్ముణ్ణి పోగొట్టుకుని, ముళ్లతుమ్మ పట్టుకుని బతికిన మనిషి. ఉప్పెన ఎలా వస్తుందో ఆమెకు తెలుసు. ముందు గాలి వస్తుంది. చెవులు పగిలే హోరు వస్తుంది.

ఇక్కడ ఆకు కదలడం లేదు.

"గాలే లేదుగా, ఏం కాదు," అంది కూతురు నవ్యశ్రీతో.

గేటు దడదడలాడింది.

"మత్తడి దుంకింది బిడ్డా! పోరిని తీస్కొని బయటికి రా! జల్దీ!"

ముసలాయన చేతిలో గడ్డపార ఉంది.

అమ్మాజీ గుమ్మంలోంచి వెనక్కి జరిగింది. ఇంట్లో మగదిక్కు లేదు.

"మా ఇంట్లో లేదు తాతా, వెళ్లు!"

"ఇంట్ల లేకపోతేంది! ఎనకాలనే వస్తాంది!"

ఆమె వరండా గ్రిల్లుకు లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి బొడ్డులో దోపుకుంది.

పెరటి తలుపు కింద నుంచి నీళ్లు వచ్చాయి. చప్పుడు లేదు. ఎర్రటి నీళ్లు. చూస్తుండగానే తలుపు ఊడి లోపలికి పడింది. బిడ్డను ఎత్తి అటక మీద కూర్చోబెట్టేలోగా మోకాళ్లు మునిగాయి.

బొడ్డు తడుముకుంది. తాళంచెవి లేదు.

నీళ్లలో వంగి వెతికింది. బురద తగిలింది. నవ్యశ్రీ చెప్పు తగిలింది. తాళంచెవి తగల్లేదు.

"అమ్మా, నువ్వూ రా," అటక మీది నుంచి ఏడ్చింది నవ్యశ్రీ.

అటక పిల్లదానికే సరిపోయింది.

అమ్మాజీ గ్రిల్లు పట్టుకుని ఊపింది. దొంగల భయంతో కృష్ణారావు దగ్గరుండి పెట్టించిన ఇనుము. ఒక్క ఊచా కదల్లేదు.

ఎదురుగా మొరం పోసి ఎత్తు చేసిన కాలనీ రోడ్డు. నీళ్లు దానికి కొట్టుకుని, వెనక్కి మళ్లి, ఇంట్లోకే వస్తున్నాయి. ఆ రోడ్డు మీద ముసలాయన.

"తాతా! గ్రిల్లు పగలగొట్టు తాతా!"

ఆయన దిగాడు. వరద కాళ్లు లాగేసింది. గేటు పట్టుకుని ఎలాగో మళ్లీ రోడ్డెక్కాడు.

ఆమె వైపు చూశాడు. రోడ్డుకు అవతల పల్లం వైపు చూశాడు. గడ్డపార భుజాన వేసుకున్నాడు.

"బుగులువడకు బిడ్డా! మత్తడిని మళ్లగొడ్త!"

పరుగెత్తాడు.

అమ్మాజీకి ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"ప్రాణాలు పోతుంటే మేక వెంట పోతావా? నీ మేక నాశనం గాను!"

అమ్మాజీ మళ్లీ అటక కిందికి చేరింది. నీళ్లు ఛాతీకి వచ్చాయి. మెడకు వచ్చాయి. ఇంత వరద, గాలి లేకుండానే. తమ్ముడి వేళ్లు జారిపోయినప్పటి తడి ఆమె అరచేతిలో ఇంకా ఉన్నట్టనిపించింది. ఆ చేత్తోనే అటక మీది పిల్ల పాదం పట్టుకుంది.

ఎక్కడో మట్టి విరిగిపడిన చప్పుడు.

నీళ్లు మెడ దగ్గర ఆగాయి. మెల్లగా ఛాతీకి దిగాయి. నడుముకు దిగాయి.

"నువ్వే కాపాడావు స్వామీ," అని దేవుడి పటం ఉన్న గోడకు దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు కృష్ణారావు బురదలో నిలబడి ఊగిపోయాడు.

"బంగారంలాంటి రోడ్డు! ఎవడే తెగ్గొట్టింది?"

"ఇంకెవరు? మేక తాతే. గడ్డపార నేను చూశాను."

ఆ గడ్డపార గండి ఒడ్డునే దిగబడి ఉంది. దాన్ని పెరికి పట్టుకుని ఇద్దరూ నిలదీయడానికి బయలుదేరారు.

గండికి దిగువన, నిన్నటిదాకా ముసలాయన పెంకుటిల్లు ఉన్న చోట మట్టిదిబ్బ ఉంది. పక్కన ఆయన కోడలు జహేదా తడి బొంత మీద కూర్చుని ఉంది.

"మీ మామ ఏడి?" గద్దించాడు కృష్ణారావు.

జహేదా గడ్డపార వైపు చూసింది.

"గండి తెగంగ నీళ్లల్ల వడ్డడు. పొద్దుగాలనే మట్టి జేసినం."

కృష్ణారావు చేయి దిగింది.

"అయ్యో! ఆ మేక కోసం పోకుండా ఉంటే బతికేవాడు కదమ్మా," అంది అమ్మాజీ.

"మేకేంది?"

"అదే, మీ మత్తడి."

జహేదా ఆమెను వింతగా చూసింది.

"మత్తడంటె మేక గాదమ్మా. చెరువు నిండితె నీళ్లు దుంకే జాగ. గా నీళ్ల తొవ్వలనే మీ ఇండ్లు గట్టిన్రు."

అమ్మాజీ తమ ఇంటి వైపు తిరిగి చూసింది.

"మరి... మళ్లగొడతానన్నాడు..."

"మమ్ములను బయటికి దోలి, మళ్లగొట్టిండు," అంది జహేదా, మట్టిదిబ్బను చూస్తూ. "మీ ఇంట్లకెల్లి, మా ఇంటి మీదికి."