కింది మెట్టు

"ముత్యాలు అన్న పేరుతో ఎవరూ దిగలేదు మార్తమ్మగారూ," అన్నాడు లాడ్జి మేనేజరు బంగారరాజు, రిజిస్టరులో పేర్లన్నీ వేలితో తడిమి.

"ఇంకోసారి చూడండి బాబూ. మా అన్నయ్య. శుక్రవారం ఈ లాడ్జీలోనే దిగుతానని ఉత్తరం రాసేడు."

"రెండుసార్లు చూసేనండి. లేరు."

మార్తమ్మ రాజోలు పక్క ఊరి నుంచి మొదటి బస్సుకే అమలాపురం వచ్చింది. నాన్న కొట్టాడని ముత్యాలు ఇల్లు విడిచి వెళ్ళినప్పుడు ఆమెకు ఆరేళ్ళు, అతనికి పద్నాలుగు. ముప్ఫై ఏడేళ్ళ తర్వాత మొన్న ఉత్తరం వచ్చింది. నాన్న పోయినప్పుడు కూడా రాని వాణ్ణి, ఊళ్ళోకి ఏ మొహం పెట్టుకుని రాను, నువ్వే రా, సాయంత్రం అయిదింటి బస్సుకి వెళ్ళిపోతాను అని రాశాడు. ఎక్కడి నుంచి రాస్తున్నాడో మాత్రం రాయలేదు.

ఈ రోజు తప్పితే అన్న మళ్ళీ దొరకడు.

"వచ్చేస్తాడులెండి. అందాకా ఈ హాల్లో కూర్చుంటాను."

బంగారరాజు ఇబ్బందిగా గోడ మీది బోర్డు చూపించాడు.

"తోడు లేని ఆడవాళ్ళకి గదీ లేదు, హాలూ లేదండి. కంపెనీ రూలు. కాకినాడ, రాజమండ్రి, ఏలూరు, ఇక్కడ. నాలుగు లాడ్జీలకీ ఒకటే రూలండి."

"మనవణ్ణి ఎత్తిన వయసు నాది. నాకూ రూలేనా?"

"ఆయ్. రూలు వయసు అడగదండి."

"మెట్లు కూడా కంపెనీవేనా?"

"పై మూడూ మావండి. కింది మెట్టు మున్సిపాలిటీది."

"అయితే కింది మెట్టు మీదే కూర్చుంటాను," అంది మార్తమ్మ, సంచి చంకన పెట్టుకుంటూ.

అప్పుడే మేడ మీంచి ఒకాయన గబగబా దిగి వచ్చాడు. ప్యాంటు, మెరిసే బూట్లు. మాటలో ఎక్కడిదో పరాయి యాస.

"ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది. మీ పేరేంటమ్మా?"

"నా పేరుతో మీకేం పనండీ?"

"మార్తమ్మ గారటండి," అన్నాడు బంగారరాజు.

ఆయన ఆమె బోసి నుదుటి వైపు ఒక్క క్షణం చూశాడు. మొహంలో ఆత్రం చల్లారిపోయింది.

"మనవాళ్ళేనన్నమాట," అన్నాడు నెమ్మదిగా. "రాజుగారూ, ఆవిణ్ణి బయట కూర్చోబెట్టకండి. మా చెల్లెలని రాసేసుకోండి. రూలుకి రూలూ సరిపోతుంది."

మార్తమ్మకు ఒళ్ళు మండింది.

"ఎవరయ్యా నీకు చెల్లెలు? లాడ్జీల్లో దిగే మగాళ్ళు కలిపే వరసలు నాకు తెలియవనుకున్నావా? నాకు సొంత అన్న ఉన్నాడు. వస్తాడు. దొంగ అన్నలు నాకక్కర్లేదు!"

హాల్లో పేపరు చదువుతున్నవాళ్ళు తలలెత్తారు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "తప్పయిందమ్మా," అని వెనక్కి తిరిగాడు.

మార్తమ్మ కింది మెట్టు మీద కూర్చుంది. గడియారస్తంభం దగ్గర బస్సు ఆగినప్పుడల్లా లేచి, దిగే ప్రతి పంచెకట్టు మనిషి మొహంలోకీ చూసింది. పన్నెండయింది. మూడయింది. అన్న రాలేదు.

ఒకసారి ఆ ప్యాంటాయన గుమ్మం దాకా వచ్చి, రోడ్డుకి అటూ ఇటూ చూసి, ఆమె ఒళ్ళోని సంచి దగ్గర ఆగిపోయాడు.

"తేగలా అమ్మా? ఎన్నేళ్ళయిందో చూసి! ఒక్కటి ఇస్తారా? ఊరికే వద్దు..."

మార్తమ్మ సంచి మూతి ముడేసింది.

"మా అన్న కోసం ఉడకబెట్టి తెచ్చేను. దారిన పోయేవాళ్ళకి పెట్టడానిక్కాదు."

ఆయన నవ్వబోయి మానేశాడు.

"చిన్నప్పుడు నేను తేగ చీల్చి, లోపలి మెత్తటి చందమామ మా చెల్లికిచ్చేవాణ్ణి. దాని పళ్ళకి పీచు నమలడం వచ్చేది కాదు," అన్నాడు, ఆమెతో కాదు, రోడ్డుతో అన్నట్టు.

ఆమె వినిపించుకోలేదు. అప్పుడే ఇంకో బస్సు ఆగింది. కళ్ళు దాని మీదే ఉన్నాయి.

అయిదు కావస్తుండగా ఆయన పెట్టె పట్టుకుని మెట్లు దిగాడు.

"వస్తానమ్మా. మీ అన్నగారు వస్తారు. వచ్చేక కోప్పడకండి."

మార్తమ్మ తలెత్తలేదు. రాజమండ్రి బస్సు ఆయన్ని ఎక్కించుకుని, దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగింది.

కాస్సేపటికి బంగారరాజు ఒక పొట్లం పట్టుకుని బయటికి వచ్చాడు.

"అమ్మా, మీది రాజోలు వైపే కదండీ. మీకు పైడమ్మ అని ఎవరైనా తెలుసాండీ?"

మార్తమ్మ చప్పున లేచి నిలబడింది.

"ఇప్పుడు వెళ్ళేరే, ఏడో గది అబ్రహాము గారు, ఆవిడొస్తే ఇమ్మన్నారు. పొద్దుట్నుంచీ పాపం పదిసార్లు అడిగేరండి. బొట్టు పెట్టుకున్న ఆడమనిషి ఇటొస్తే చాలు, మేడ దిగొచ్చేసేవారు."

"పైడమ్మ..." మార్తమ్మ పొట్లం అందుకుంది. "పెళ్ళికి ముందు గోదాట్లో బాప్తిస్మం ఇచ్చి పాస్టరుగారు పేరు మార్చేరు బాబూ. అప్పటిదాకా నేనే పైడమ్మని."

"మరి మీరు అడిగింది ముత్యాలు గారిని కదండీ?"

ఆమె పొట్లం విప్పింది. ఎర్రంచు నేతచీర, రవికల గుడ్డ, కుంకుమ భరిణె. వాటి మీద మడత పెట్టిన చీటీ.

చంకలోని సంచి జారి, ముడి ఊడి, తేగలు మెట్టు మీంచి రోడ్డు మీదకి దొర్లాయి.

చీటీ అడుగున, ఏడో గది అబ్రహాము గారి చేతిరాతలో, "నీ అన్న, ముత్యాలు" అని ఉంది.