బావి గిలక ఎక్కడ?

"గిలక నేనే తీశాను," అంది కాలేజీలో ఊడ్చి తుడిచే వెర్నా, ఎవరూ కూర్చోమనకముందే కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

హార్లో కాలేజీ క్రీడల డైరెక్టరు ప్రెస్కాట్ ఫోనులో మాట్లాడుతున్నవాడు మాట్లాడుతున్నట్టే ఆగిపోయాడు. విద్యార్థుల గదులన్నీ వెతకమనీ, ఎవరి దగ్గర దొరికితే వాళ్ళని కాలేజీలోంచి తీసేస్తాననీ అప్పటిదాకా అరుస్తున్నాడు. పక్కనే నిలబడ్డ కాలేజీ పోలీసు అధికారి డేల్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏ గిలక?" అన్నాడు డేల్, ఏమీ తెలియనట్టు.

"మనకెన్ని గిలకలున్నాయి నాయనా?"

ఉన్నది ఒక్కటే. నూట ఆరేళ్ళ క్రితం హార్లో, రెడ్‌ఫోర్క్ ఊళ్ళు ఒకే బావి కోసం తలలు పగలగొట్టుకుని, చివరికి ఫుట్‌బాల్ ఆడి తేల్చుకున్నాయి. బావి ఎండిపోయింది. ఇనప గిలక మిగిలింది. ఏటా నవంబరులో గెలిచిన కాలేజీ దాన్ని పట్టుకుపోయేది. ఓడినవాళ్ళు మరుసటి ఏడాది దానికోసం వచ్చేవాళ్ళు. మొన్న శనివారం హార్లో గెలిచింది. ఇక మరుసటి ఏడాది లేదు. టీవీ వాళ్ళు చూపించిన డబ్బు వెంట హార్లో ఈ లీగును వదిలి, సముద్రాల ఒడ్డున ఉన్న పెద్ద కాలేజీల లీగులో చేరుతోంది. రెడ్‌ఫోర్క్‌ను ఎవరూ పిలవలేదు. ఈ సోమవారం మధ్యాహ్నం రెండు కాలేజీల అధ్యక్షులూ కెమెరాల ముందు చేతులు కలిపి, గిలకను రాష్ట్ర మ్యూజియానికి అప్పగించాలి. పొద్దున చూస్తే, దాన్ని భద్రపరిచిన బీరువాలో గిలక లేదు.

"గదులు వెతకడం ఆపండి," అన్నాడు ప్రెస్కాట్ ఫోనులో. "దొరికింది... మనిషి దొరికింది. వస్తువు ఇంకా లేదు."

ఫోను పెట్టేశాడు. వెర్నా చేతులు రెండూ ఒళ్ళో దాచుకుంది.

"అరవై పౌండ్ల ఇనుము అది," అన్నాడు డేల్. "మీ భుజానికి ఆపరేషనై ఏడాది కాలేదు. ఎలా మోశారు?"

"చెత్తబండి లేదూ? ముప్పై ఒక్కేళ్ళుగా మీ చెత్తంతా మోసింది. గిలకను మొయ్యలేదా?"

"తాళం?"

"తాళంచెవి నా దగ్గరుంది. లేకపోయినా ఒకటే. ఆ తాళం జడపిన్నుతో వస్తుందని రెండు కాలేజీల పిల్లలకీ తెలుసు. చదువుకునే రోజుల్లో నువ్వూ తీసినవాడివేగా!"

డేల్ దగ్గాడు. "ఎప్పుడు తీశారు?"

"నిన్న పొద్దున్న. ఊరంతా చర్చిలో ఉన్నప్పుడు."

"నిజమే సార్," అన్నాడు డేల్ ప్రెస్కాట్‌తో. "గుమ్మం కెమెరాలో ఉంది. బండితో లోపలికెళ్ళి పావుగంటలో బయటికొచ్చారు. బండి మీద గుడ్డ కప్పి ఉంది."

"అన్నీ చూసి మళ్ళీ నన్నడుగుతావేం?" అంది వెర్నా.

ప్రెస్కాట్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, గొంతు తగ్గించాడు. "నాలుగు నెలల్లో మీ రిటైర్మెంట్. కేకు కోయిస్తాం. గోడ మీద మీ పేరు రాయిస్తాం. ఎక్కడుందో చెప్పండి చాలు."

"చెప్పను."

"రెడ్‌ఫోర్క్ వాళ్ళకిచ్చారా?"

"చెప్పను."

"నదిలో పారేశారా?"

"ఈ చుట్టుపక్కల నది ఎక్కడిది సార్? ఉంటే బావి కోసం కొట్టుకుంటామా?"

నవ్వు ఆపుకోలేక డేల్ కిటికీ వైపు తిరిగాడు.

"మీకిది వేళాకోళంగా ఉంది," అన్నాడు ప్రెస్కాట్. "ఈ చిన్న లీగునే పట్టుకుని వేలాడితే పదేళ్ళలో మనకు జట్టే ఉండదు. నాకేం సరదానా? రెడ్‌ఫోర్క్‌కి మర్యాదగా వీడ్కోలు చెబుతున్నాం."

వెర్నా లేచి నిలబడింది. ఈసారి చేతులు దాచుకోలేదు.

"వీడ్కోళ్ళ సంగతి నాకు చెప్పకండి. మా ఆయన ఎమిల్ది రెడ్‌ఫోర్క్. ఆటరోజున ముప్పైనాలుగేళ్ళపాటు ఒకే బెంచీ మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడుకోలేదు మేం. ఆయన్ని సాగనంపాను. ఇద్దరన్నల్ని సాగనంపాను. చచ్చిపోయారు గనక సాగనంపాను. ఈ ఆట చావలేదు. మొన్న మంచు కురుస్తుంటే ఇరవై వేలమంది ఎలా అరిచారో మీరూ విన్నారు. మ్యూజియంలో పెడితేనే ఇది చచ్చేది. గిలక బయట ఉన్నంతకాలం వాళ్ళు దానికోసం రావాల్సిందే. మీరు ఆడాల్సిందే."

"కేసు పెడతాను. ఉద్యోగం పోతుంది."

"ఇవిగో తాళాలు." గుత్తి బల్ల మీద పడేసింది. "మీ బాత్రూం తాళం కాస్త బిగుసుకుంటుంది. ఎడమకి తిప్పాలి."

ప్రెస్కాట్ మళ్ళీ ఫోను అందుకున్నాడు. మధ్యాహ్నం జరగాల్సిన సభ లేదనీ, మ్యూజియం బండిని వెనక్కి పంపెయ్యమనీ చెబుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి.

డేల్ ఆమెను మెట్లదాకా దిగబెట్టాడు. బయట మొన్నటి మంచు ఇంకా కరగలేదు. అటూ ఇటూ చూసి అడిగాడు.

"పోలీసుగా అడగడం లేదు, వెర్నా గారూ. అది... మంచి చేతుల్లోనే ఉందా?"

"ఉంది. నాకంటే మంచి చేతుల్లో," అంది వెర్నా, కోటు గుండీలు పెట్టుకుంటూ.

గిలక కోసం నిన్న ఆమె వెళ్ళేసరికే బీరువా ఖాళీగా ఉంది.