గడియారం మార్చలేదు

“చివరి వాక్యం తీసెయ్యమ్మా,” అంది డాక్టరమ్మ, కరపత్రం నమూనా బల్ల మీద పెడుతూ.

ఆ కౌన్సెలింగ్ కేంద్రానికి కొత్త కరపత్రం రాసే పని అడిగి మరీ తీసుకున్న అమ్మాయి కదల్లేదు. “ఉన్నదున్నట్టు రాయమన్నారు కదండీ.”

డాక్టరమ్మ పైకి చదివింది. “‘మీరు చెప్పుకున్నది ఈ గది దాటదు. ఒకసారి దాటింది, ఆ తప్పు మాదే.’ ఇది చూశాక ఎవరైనా ఈ గుమ్మం తొక్కుతారా?”

“మా అక్క తొక్కింది కదండీ.”

అమ్మాయి సంచిలోంచి ఆ కేంద్రందే పాత కరపత్రం తీసింది. ‘కోలుకున్నవారి మాట’ అన్నచోట వేలు పెట్టింది. “‘నేను అన్నం తింటుంటే మా ఆయన గడియారం చూస్తూ కూర్చుంటాడు.’ అక్క మీ దగ్గర ఏడుస్తూ చెప్పిన మాట ఇది.”

“పేరు మార్చాం కదా.”

“పేరు మార్చారు. గడియారం మార్చలేదు. మా బావ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, ఇది అక్క చేతే పైకి చదివించాడు. పుట్టింటికి వచ్చేసింది గానీ, అప్పట్నుంచీ మాతో కూడా నోరు విప్పట్లేదు.”

డాక్టరమ్మ కొత్త నమూనాని దగ్గరికి లాక్కుని, కలం తీసింది. అమ్మాయి దెబ్బలాటకి సిద్ధమైంది. ఆవిడ వాక్యం కొట్టెయ్యలేదు. ‘మాదే’ దిద్ది ‘నాదే’ అని రాసి, కింద తన పేరు పెట్టింది.

అమ్మాయి పాత కరపత్రాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

“సరిపోతుందా?” అంది డాక్టరమ్మ.

“లేదండీ. అచ్చయ్యాక మొదటిది మీరే మా ఇంటికి తేవాలి. మా బావనీ వాళ్లింట్లో అందరినీ పిలుస్తాను. వాళ్ల ముందు, అక్క ఎదురుగా నిలబడి, ఆ వాక్యం పైకి చదవాలి.”