బహుశా ఒక స్త్రీ

శ్మశానాలు పోయి వెబ్‌సైట్లు మిగిలిన కాలం అది. పుట్టుకతోనే చూపులేని మొగిలయ్య రోజూ చాయ్ పెట్టుకుని, చనిపోయిన భార్య పేజీ తెరిచేవాడు. ఆయన వినడానికని లస్మవ్వ బతికుండగానే తన ఫొటో కింద రాసిపెట్టిన మాటలను సైటు చదివేది: "ఏమయ్యా, వచ్చినవా? బుగ్గకు సొట్ట, ముక్కుకు పుల్ల, నవ్వాపుకుంటున్న."

ఇవాళ వేరే మాట వినిపించింది: "ఒక స్త్రీ. బహుశా వృద్ధురాలు."

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు.

"అంధుల సౌకర్యం కోసమే మార్చాం సార్. ఇకనుంచి ప్రతి ఫొటోనూ మెషీనే వర్ణిస్తుంది," అందో అమ్మాయి.

"మరి మా ఆమె రాసింది ఏడవోయింది బిడ్డా?"

"పాతవన్నీ చెరిపేశాం సార్. తిరిగి రావు."

చాయ్ చల్లారింది. ఆయన మళ్ళీ మళ్ళీ నొక్కాడు. "ఒక స్త్రీ," అన్నది యంత్రం. తెర మీద లస్మవ్వ, కళ్ళున్నవాళ్ళందరికీ, నవ్వాపుకుంటూనే ఉంది.