నీలిమ సోలో ట్రిప్పు

"ఎత్తుల్లేని రూటు చెప్పు భయ్యా. రేపు పొద్దున్నే బయల్దేరాలి."

సతీష్‌కుమార్ చేతిలో పానా జారింది. క్యాంప్ 2 పేటలో సైకిళ్ల షాపు అతనిది. సామాను సైకిల్‌కి కట్టుకుని ఊళ్లు తిరగడం అతని పిచ్చి. భిలాయ్‌లో చాలామందికి అది అంటించాడు. అయినా చరోదా రైల్వే కాలనీ నుంచి ఒక ఇల్లాలు వచ్చి, ఒంటరిగా రెండు రోజులు తొక్కుతానంటుందని కల్లో కూడా అనుకోలేదు.

"ఏటి దీదీ, ఇంత సడన్‌గా?"

"వీడియోల్లో చూసాను. సరదా పుట్టింది."

మొహానికి చుట్టుకున్న స్కార్ఫ్ నీలిమ షాపులోకొచ్చాక కూడా తీయలేదు. కనబడే ఆ రెండు కళ్లలో సరదా మచ్చుకైనా లేదు.

సతీష్‌కి అదేం పట్టలేదు. రూటు అడిగితే చాలు, అతనికి ఒళ్లు తెలీదు. ఫోన్లో మ్యాపు తెరిచాడు. దల్లీ రాజహరా వైపు కొండలు, మొదటిసారికి వద్దు. హైవే మీద లారీలు, అసలే వద్దు.

"బాలోద్ పోండి. దగ్గర్లోనే రైలు లైను. అలిసిపోతే సైకిల్‌తో సహా ట్రైనెక్కీయొచ్చు."

"రైలు లైను వద్దు!"

ఆ అరుపుకి తనే ఉలిక్కిపడి గొంతు తగ్గించింది. "మాయన గార్డు కదా. లైనంతా, బస్టాండంతా ఆయన దోస్తులే. ఎవులు చూసినా ఫోన్ కొట్టేస్తారు."

"మంచిదే కదా! హెల్ప్ చేస్తారు."

నీలిమ మ్యాపులో ఇంకో దారి వెతికింది. భర్త గూడ్సు బండితో నాగపూర్ వెళ్లాడు. రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. ఈలోగా బయటపడకపోతే ఈ జన్మకి ఇంకో అవకాశం రాదు.

చివరికి పాటన్ మీదుగా ధమ్తరి ఖాయమైంది. దారంతా చదునుగా వరిపొలాలు. రాత్రికి ఒక ధర్మశాల. ధమ్తరిలో చిన్ననాటి స్నేహితురాలు మణిమాల.

"వెనకాల పెద్ద బుట్ట కట్టు భయ్యా. అడుగున మెత్తగా స్పాంజి వెయ్యి. కుదుపు తగలకూడదు. ఎండా పడకూడదు."

"ఏటి పట్టుకెళ్తారు, గుడ్లా?" నవ్వాడు సతీష్.

"బరువు... ఆ మూలనున్న నీ బియ్యం మూటంత ఉంటాది."

"అంత బరువా! బరువు తగ్గించుకోడమే దీన్లో మొదటి పాఠం దీదీ. సగం ఇంట్లో ఒగ్గేయండి."

"ఇంట్లో మాత్రం ఒగ్గలేను."

బుట్ట బిగించి, అందులో బియ్యం మూటే పెట్టి తొక్కమన్నాడు. సందు మలుపులోనే సైకిల్ పడింది. నీలిమ మోకాలు చీరుకుపోయింది. ఆమె మాత్రం మూట దగ్గరికి పరిగెత్తింది. దాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకుని రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది.

"బియ్యానికేటీ అవదు దీదీ! ముందు మోకాలు చూసుకోండి."

"నావల్ల కాదు భయ్యా... అవకపోతే ఎలాగ? ఎలాగ?"

సతీష్ సైకిల్ ఎత్తి నిలబెట్టాడు. ఆమే లేచి మళ్లీ ఎక్కింది. మళ్లీ పడింది. మళ్లీ ఎక్కింది. స్టీలు ప్లాంటులో షిఫ్టు వదిలేసరికి, ఆ వచ్చే జనం మధ్యలోంచి పడకుండా తొక్కింది.

మర్నాడు ఎండెక్కేసరికి పాటన్ వెనకబడింది. దారిలో గొలుసు ఊడింది. ఓ లారీ ఒరుసుకుంటూ పోయింది. వెనక ఏ బండి హారన్ మోగినా నీలిమ ప్రాణం పోయి వచ్చేది.

ఖారున్ నది వంతెన మీద ఫోన్ చూసుకుంది. సతీష్ మెసేజి: "సోలో ట్రిప్పు ఎలాగుంది దీదీ?" చదివి, సిమ్ తీసి నీళ్లలోకి విసిరేసింది.

వంతెన దాటాక ఓ మామిడి చెట్టు నీడలో సైకిల్ ఆపి, వెనక బుట్ట మీద కప్పిన గుడ్డ తొలగించి, "లెగమ్మా బుజ్జీ, పాలు తాగుదువు గానీ... ఇంక మీ నాన్న మనల్ని కొట్టడు" అంది.