మొద్దుబారిన వైపు

"పెద్దాయనా, ఇక్కడ చల్లగా ఉందా?"

మత్తు డాక్టరమ్మ ఐసుముక్కని దర్జీ ఛాతీ మీద, కుట్ల పక్కన ఆనించింది.

"ఐసు పెట్టారా? నాకేం తెలియట్లేదు."

"ఒకసారి దగ్గండి. నొప్పుందా?"

దగ్గాడు. "అబ్బే! పక్క మంచం ఆయన చూడండి, పాపం, కదిలితే చాలు మూలుగుతున్నాడు. ఆయనకి మత్తుసూది పక్కటెముకల దగ్గర ఇచ్చారట, నాకు వెన్ను పక్కన. రెండిట్లో ఏది మేలో పోల్చి చూస్తున్నామన్నారుగా? నా సూదే గెలిచిందని రాసుకోండి!"

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. "మీది పోలికలోకి రాదండీ. ఊపిరితిత్తిలో గడ్డ తీసేసినవాళ్లనే..."

మంచం అవతల నుంచి అతని భార్య వద్దు వద్దన్నట్టు తల ఊపుతోంది. అప్పటికే మాట నోరు దాటిపోయింది.

డాక్టరమ్మ చేతిలో ఐసు కరిగి కారుతోంది. "క్షమించండి. మీకు చెప్పేశారనుకున్నాను."

దర్జీ భార్య వైపు తిరిగాడు.

"ఊడదీసి చూసి, కత్తెర పెట్టకుండానే మళ్లీ కుట్టేశారా?"

"అంతటా పాకిపోయిందన్నారు. ఇంటికెళ్లాక మెల్లగా చెబుదామని..."

"నిన్నట్నుంచి ఒక్కదానివే మోస్తున్నావా, పిచ్చిమొహమా?"

ఆమె దగ్గరికొచ్చి అతని ఛాతీ మీద, కుట్ల పక్కన చెయ్యి వేసింది.

అతను ఆ చేతివంకే చూస్తూ ఉండిపోయాడు.

"ఇటు పక్కన వెయ్యవే," అన్నాడు చివరికి. "అక్కడ నీ చెయ్యి తెలియట్లేదు."